మీ 17 పెట్టలు ఒకే కారణంతో పోలేదు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. సంక్రాంతి ముందు మీ దగ్గర 40 నాటు పెట్టలు. వాటిలో 28 మీ సొంతం, 12 సంతలో కొన్నవి. జూన్ చివరికి 23 మిగిలాయి. "టీకా వేయించాను, మేత పెడుతున్నాను, అయినా నా చేతిలో కోడి బతకడం లేదు, మానేయమంటారా?" అని అడిగారు. మానేయమని నేను చెప్పను. చాలామంది రాయని సంగతులు మీరు రాశారు. ఏ నెలలో ఎన్ని పోయాయి, ఎక్కడ దొరికాయి, ఎలా దొరికాయి అన్నీ ఉన్నాయి అందులో. కాబట్టే ఇంత వివరంగా జవాబు రాయగలుగుతున్నాను. పశువైద్య శాఖలో 31 ఏళ్లు పనిచేశాను. పెరట్లో పెట్టలు పెంచడం మొదలుపెట్టి 20 ఏళ్లు దాటింది. పుస్తకంలో చదివిన దానికంటే ఆ పెరట్లో పోగొట్టుకున్న పెట్టలే నాకు ఎక్కువ నేర్పాయి.

ముందు మీ లెక్కను ఇంకోలా వేసి చూపిస్తాను. మీ దగ్గర జనవరి మొదట 40, ఫిబ్రవరి మొదట 33, మార్చికి 31, ఏప్రిల్‌కి 29, మేకి 26, జూన్‌కి 24 పెట్టలు ఉన్నాయి. ఇవన్నీ కూడితే 183. అంటే ఈ ఆరు నెలల్లో మీరు 183 "పెట్ట-నెలలు" సాకారు. అందులో 17 పోయాయి. జనవరిలో తెగులుతో ఏడు పోయిన సంగతి కాసేపు పక్కన పెట్టండి. మిగతా ఐదు నెలలకు 143 పెట్ట-నెలలు, 10 నష్టాలు. ప్రతి 14 పెట్ట-నెలలకు ఒక పెట్ట పోతోందన్నమాట. ఏ తెగులూ రాకపోయినా మీ ఇంట్లో ఒక పెట్టకు సగటున ఏడాది మీద కొంచెం ఆయుష్షే ఉంది. నాటు పెట్ట మూడు నాలుగేళ్లు హాయిగా గుడ్లు పెట్టే జాతి. అసలు రంధ్రం అక్కడుంది.

జనవరిలో ఏడు ఒక్కసారే పోయాయి కాబట్టి ఊరంతా వచ్చి చూశారు, మీకూ అదే గుండెల్లో నిలిచిపోయింది. ఆ తర్వాత ఒకటీ రెండూ చొప్పున పోయిన పదింటిని "సరేలే, నాటు కోళ్లు కదా" అని వదిలేశారు. ఏడు కంటే పది ఎక్కువ. పెరటి కోళ్లలో దాదాపు ప్రతి ఇంటా ఇంతే జరుగుతుంది.

మీరు మధ్యలో ఏదీ అమ్మలేదు, కొయ్యలేదు కాబట్టి లెక్క తేలిగ్గా కుదిరింది. ఇకమీదట ఏదైనా అమ్మితే, పండక్కి కోస్తే, దాన్ని చావులో కలపకండి. అది ఉన్నన్ని నెలలు లెక్కలో ఉంటుంది, అమ్మిన నెల నుంచి తీసేస్తే సరి. చాలామంది "20 పెట్టలు పెడితే 9 మిగిలాయి, 11 చచ్చాయి" అంటారు. కూర్చోబెట్టి అడిగితే మూడు అమ్మారని, రెండు చుట్టాలొస్తే కోశారని, ఒకటి ఎవరో ఎత్తుకుపోయారని తేలుతుంది. నిజంగా చచ్చినవి ఐదే. ఇది తెలియక లేని రోగానికి మందులు కొనేవాళ్లను ఎంతమందినో చూశాను.

ఇక ఆ ఏడింటి సంగతి. భోగికి వారం ముందు సంతలో 12 పెట్టలు కొన్నారు. తెచ్చిన మర్నాడే పాతవాటితో కలిపేశారు. అదే రోజు అన్నిటికీ నీళ్లలో లసోటా అనే కొక్కెర తెగులు టీకా పట్టించారు. ఎనిమిదో రోజు నుంచి చావులు మొదలయ్యాయి. చచ్చినవాటిలో ఆరు మీ పాత పెట్టలు, ఒక్కటే కొత్తది. ఆకుపచ్చ పారుడు, కళ్లు మూసుకుని మూలన ముడుచుకోవడం, మూడింటికి మెడ వంకర తిరగడం. మెడ తిరిగిందన్న ఆ ఒక్క మాట చాలు, ఇది కొక్కెర తెగులే అని తొంభై పాళ్లు నమ్మవచ్చు. రాణిఖేత్ అని మేం రాసేది దీన్నే. కుమావూ కొండల్లోని రాణిఖేత్ ఊళ్లో 1920ల చివర బయటపడింది కాబట్టి మన దేశంలో ఆ పేరు నిలిచింది. దానికి ఏడాది రెండేళ్ల ముందు ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర కనబడింది కాబట్టి బయటి దేశాల వాళ్లు న్యూకాజిల్ వ్యాధి అంటారు.

"టీకా వేశాక కూడా ఎందుకొచ్చింది? మందు దొంగదా?" అని అడిగారు. మందును అనుమానించే ముందు రోజులు లెక్కపెట్టండి. ఈ తెగులు క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు కనబడటానికి మామూలుగా ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. టీకాకు బలం రావడానికీ అంతే సమయం కావాలి. సంత కోళ్లతో పాటు క్రిమి ఇంట్లోకి వచ్చిన రోజునే మీరు టీకా వేశారు. రెండూ ఒకేసారి పరుగు మొదలుపెట్టాయి, క్రిమి ముందు చేరింది. కొత్తవి ఎక్కువగా ఎందుకు చావలేదంటే, సంతల్లో తిరిగిన పెట్టల్లో చాలావాటికి ఆ తెగులు ఎప్పుడో తగిలి పోయి ఉంటుంది. అవి పైకి బాగానే ఉంటాయి, కానీ రెట్టతో క్రిమిని వదులుతూ ఉండవచ్చు. ఎప్పుడూ గడప దాటని మీ పాత పెట్టలకు ఆ బలం లేదు.

నేను కూడా ఈ తప్పే చేశాను. పెంపకం మొదలుపెట్టిన రెండో ఏడు, నెమలి రంగు పెట్టలు ముచ్చటగా ఉన్నాయని ఐదింటిని సంతలో కొని తెచ్చి నేరుగా గూట్లోకి వదిలాను. 32 పెట్టల్లో నాలుగు మిగిలాయి. మా ఆవిడ ఆ గూడు కడిగి సున్నం కొట్టి, రెండు నెలలు దానివైపు చూడలేదు. ఆ రోజు నుంచి బయటి కోడి ఏదైనా మా ఇంటికొస్తే 21 రోజులు వేరే గంపలో, వేరే నీళ్ల గిన్నెతో, పెరటికి అవతలి కొసన ఉంటుంది. మేత వేసేటప్పుడు పాతవాటికి ముందు, కొత్తవాటికి చివర. బంధువులు పండక్కి పుంజును తెచ్చి మా గూట్లో కట్టేస్తామన్నా ఒప్పుకోను. సంక్రాంతి రోజుల్లో పందెం పుంజులు ఊరూరా తిరుగుతాయి, సంతలు కిటకిటలాడతాయి. జనవరి, ఫిబ్రవరిల్లో ఇంటికి ఏ కోడినీ తేకపోవడమే మేలు.

టీకా పద్ధతిలోనూ మీరు మార్చుకోవలసింది ఒకటుంది. ఫారం కోళ్లకైతే అన్నీ ఒకే వయసు, వారాల లెక్కన టీకా వేస్తే సరిపోతుంది. మీ పెరట్లో అలా కాదు. ఈ నెల ఒక పెట్ట పిల్లలను దింపుతుంది, వచ్చే నెల ఇంకోటి. ఎప్పుడు చూసినా మందలో సగం టీకా చూసినవి, సగం చూడనివి ఉంటాయి. తెగులుకు ఆ సగం చాలు. కాబట్టి వయసుతో పాటు క్యాలెండరు కూడా పట్టుకోండి. పిల్లలకు 7వ రోజున కంట్లో ఒక చుక్క లసోటా, 28వ రోజు ప్రాంతంలో మళ్లీ అదే. ఎనిమిది వారాలకు రెక్క దగ్గర చర్మం కింద అర మి.లీ. ఆర్2బి, అదే తెగులుకు వేసే ఇంకో టీకా. ఇవి కాక మూడు నాలుగు నెలలకోసారి, మీరు గుర్తుపెట్టుకోగల తేదీల్లో, మొత్తం మందకు నీళ్లలో లసోటా ఇవ్వండి. ఉగాది, తొలకరి, దసరా, డిసెంబరు మొదటి వారం అనుకోండి. డిసెంబరుది మాత్రం తప్పకూడదు. అది సంక్రాంతి సంతలకు ముందే ఒంట్లో పని చేసి ఉండాలి.

ఆర్2బి ఘాటైన టీకా. ఆరు వారాల్లోపు పిల్లలకు వేస్తే వాటికే ప్రమాదం. గుడ్లు పెడుతున్న పెట్టకు వేస్తే గుడ్లు ఆపేస్తుంది. నీరసంగా ఉన్నదానికి వేస్తే చచ్చినా చావవచ్చు. గుడ్డుకొచ్చిన వాటికి లసోటాయే మంచిది. నీళ్లలో ఇచ్చేటప్పుడు కుళాయి నీళ్లు వాడకండి, క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బావి నీళ్లు, లీటరుకు ఒక చెంచా వెన్న తీసిన పాలపొడి. గంటన్నర ముందు నీళ్ల గిన్నెలు తీసేసి, దాహం మీదున్నప్పుడు పొద్దున్నే పెట్టండి. గంటా రెండు గంటల్లో తాగేయాలి. సీసాను మందుల షాపు నుంచి ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చుకోండి. ఏప్రిల్ ఎండలో బండి డిక్కీలో అరగంట పెట్టి తెచ్చిన టీకా ఉత్త నీళ్లతో సమానం.

పసుపు, వెల్లుల్లి, వేపాకు గురించి అడిగారు. పెట్టండి, చెడుపు లేదు. కానీ కొక్కెరకు అవి టీకా బదులు పనిచేయవు. తెగులు తగిలిన కోడికి ఏ మందూ లేదు. ఇది ఒప్పుకోవడం కష్టమే, అయినా ఒప్పుకోవాలి.

ఒక్క మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. రెండు చావగానే "మిగతావి చచ్చేలోపు అమ్మేద్దాం" అని పక్క ఊరి మనిషికి ఐదు పెట్టలు ఇవ్వబోయి, మీ అత్తగారు వద్దంటే ఆగామని రాశారు. ఆమెకు నా నమస్కారం చెప్పండి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యేది ఆ అమ్మకాలతోనే. చచ్చినదాన్ని కాలువలో పారేయడం, కుక్కలకు వేయడం కూడా అంతే. రెండడుగుల గొయ్యి, పైన సున్నం, మట్టి. అంతకంటే ఖర్చు లేదు.

ఇంకొకటి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో సగం మంద పడిపోవడం, ముఖం ఉబ్బి తురాయి ఊదారంగుకు తిరగడం లాంటివి చూస్తే చచ్చినవాటిని ముట్టకండి, కోసి చూడకండి, పిల్లలను దగ్గరకు పోనివ్వకండి. 1962కి ఫోన్ చేసి పశువుల ఆసుపత్రికి చెప్పండి. పైకి చూసి రాణిఖేత్‌నూ దాన్నీ విడదీయడం అన్నిసార్లూ మావల్ల కూడా కాదు, ప్రయోగశాలే తేల్చాలి.

ఇప్పుడు ఆ పది పెట్టలు. నాకు ఎక్కువ బాధ కలిగించినవి ఇవే, ఎందుకంటే ఇందులో చాలావరకు దక్కేవే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఐదు కనబడకుండా పోయాయి. రెండుసార్లు మాత్రం పెరటి వెనక చిల్లచెట్ల దగ్గర ఈకల కుప్ప దొరికింది. ఊళ్లో వాళ్లు దొంగలన్నారు, మీ వారు గద్దలన్నారు. గద్ద పిల్లలను తన్నుకుపోతుంది. కిలోన్నర పెట్టను మోసుకుపోలేదు. దొంగ ఈకలు పీకి వదిలిపోడు. ఒకేచోట కుప్పగా ఈకలున్నాయంటే అడవిపిల్లో, నక్కో, కుక్కో అక్కడే తిన్నదని. మెడ దగ్గర గాయంతో కళేబరం అక్కడే పడి ఉంటే ముంగిసను అనుమానించాలి. గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము. జాడను బట్టి మనిషిని పట్టినట్టే, శత్రువును బట్టి కాపలా మారుతుంది. గద్దకు పైన వల వేయాలి, అడవిపిల్లికి వల దండగ.

మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, మీరు మామూలుగా రాసేశారు గానీ నేను దాని దగ్గర ఆగిపోయాను. "ఆ ఐదూ గుడ్ల మీదున్న పెట్టలే, పాపం" అన్నారు. అది యాదృచ్ఛికం కాదమ్మా. గుడ్డు పెట్టే వేళకు నాటు పెట్ట చాటు వెతుక్కుంటుంది. ఇంట్లో నచ్చిన చోటు లేకపోతే పొదలోకి పోయి దొంగగుడ్లు పెడుతుంది. రోజూ అదే వేళకు, అదే దారిలో, అదే పొదకు పోతుంది. అడవిపిల్లికి అంతకంటే ఏం కావాలి? పది పదిహేను గుడ్లయ్యాక అక్కడే పొదుగుకు కూర్చుంటే రాత్రి కూడా బయటే. పుంజుల కంటే, గుడ్డుకు రాని పెట్టపిల్లల కంటే, గుడ్లు పెట్టే పెట్టలే మీకు ఎక్కువ పోవడానికి కారణం ఇదే.

మా అమ్మ తెల్లారి గూడు తలుపు తీసేముందు ఒక్కో పెట్టను చంకలో పెట్టుకుని వేలితో చూసేది. గుడ్డు తగిలితే గంప కింద కమ్మేది. గుడ్డు పెట్టి కొక్కొరించాక గంప ఎత్తేది. గుడ్డు పోకుండా చేస్తోందని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ అలవాటు గుడ్డుతో పాటు పెట్టను కూడా కాపాడేదని అర్థమవుతోంది. మా అమ్మ పెట్టలు ఐదేళ్లు బతికినవి ఉన్నాయి. 23 పెట్టలను రోజూ అలా చూడటం మీకు కష్టమైతే, గూడు తలుపు తెల్లవారుజామున 5 గంటలకు తీస్తున్నారు కదా, దాన్ని 9 గంటలు చేయండి. చాలా గుడ్లు ఆలోపే పడతాయి. అడవిపిల్లి, నక్క తిరిగే మసక వేళ కూడా గడిచిపోతుంది. గూట్లోనే చీకటి మూలల్లో నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున గడ్డి పరిచిన గంపలు పెట్టండి. ప్రతి గంపలో బొగ్గుతో గీత పెట్టిన గుడ్డు ఒకటి వదిలేయండి. గుడ్డున్న చోటే పెట్ట గుడ్డు పెడుతుంది. పెరటి చుట్టూ పది గజాల మేర చిల్లకంప కొట్టించండి. ఈ ఒక్క పనికి కూలి ఖర్చు అవుతుంది, ఒక పెట్ట వెల కంటే మరీ ఎక్కువేం కాదు.

రాత్రి పూట మీ పెట్టలు సగం వేపచెట్టు మీద, సగం రేకుల గూట్లో పడుకుంటాయన్నారు. చెట్టు మీదవి ముంగిసకు, కుక్కకు దొరకవు గానీ అడవిపిల్లికి, వానకు దొరుకుతాయి. నేల నుంచి మూడడుగుల ఎత్తున కర్రల మీద గూడు కట్టండి. పెట్టకు ఒక చదరపు అడుగు చాలు. జాలీ మాత్రం సన్న తీగ కోళ్ల జాలీ వద్దు, కుక్క పంటితో చింపేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డ్ జాలీ కొనండి. అలవాటు పడేదాకా వారం రోజులు సాయంత్రం నూకలు గూట్లోనే వేయండి, చెట్టెక్కడం మానేస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో మూడు పెట్టలు పొదుగులోనే చచ్చాయి. "పైకి ఏమీ లేదు, ఎత్తితే దూదిలా ఉంది, తురాయి తెల్లగా పాలిపోయింది" అన్నారు. ఇది చదవగానే నాకు మీ గూటి వాసాల సందులు కళ్లముందు కదిలాయి. పొదుగులో ఉన్న పెట్ట 21 రోజులు దాదాపు కదలదు. రోజుకోసారి లేచి కాస్త తిని, నీళ్లు తాగి, మట్టిలో పొర్లి మళ్లీ కూర్చుంటుంది. ఒళ్లు తగ్గడం సహజమే. కానీ తురాయి తెల్లబడటం సహజం కాదు, అది రక్తం పోయిన గుర్తు. కోడిని పట్టే గోమార్లు ఉన్నాయి, చూడటానికి పెద్ద నల్లుల్లా చదునుగా ఉంటాయి. పగలు గోడ పగుళ్లలో, వెదురు సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగి మళ్లీ వెళ్లిపోతాయి. పగలు పెట్టను ఎంత వెతికినా ఎదిగిన గోమారు ఒక్కటీ దొరకదు. తిండి లేకపోయినా అవి ఏడాదికి పైగా బతుకుతాయి, కాబట్టి గూడు ఖాళీగా వదిలేసినంత మాత్రాన చావవు. తిరిగే కోడి పొర్లి, ముక్కుతో పొడుచుకుని కొంత వదిలించుకుంటుంది. పొదుగులో కూర్చున్న తల్లి గుడ్లు వదిలి లేవదు. రక్తం ఇస్తూ కూర్చుంటుంది.

ఆ పైన రేకుల కింద ఎండ. మీ వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే, రేకు కింద ఇంకా ఎక్కువ. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. దానికి నీళ్లు కావాలి, నీళ్ల కోసం లేవాలి, తల్లి లేవదు. మూడు పెట్టలూ ఈ రెండింటి మధ్య నలిగి పోయాయని నా అభిప్రాయం.

అందుకని మార్చి 15 తర్వాత పొదుగు వేయకండి. వేసవిలో గుడ్లు కూడా సరిగా పిల్లలు కావు. పొదుగుకొచ్చిన పెట్టను గంప నుంచి తీసి, గాలి ఆడే జాలీ బోనులో మూడు నాలుగు రోజులు ఉంచితే పొదుగు విరుగుతుంది. నీళ్లలో ముంచడం కొందరు చేస్తారు, నాకది ఇష్టం లేదు. తొలకరి పడ్డాక, మళ్లీ దసరా తర్వాత పొదుగు వేయడం పెట్టకూ పిల్లలకూ మేలు. పొదుగు గంపలో అడుగున ఇసుక, బూడిద కలిపి పోసి పైన కొత్త గడ్డి, నాలుగు వేప రెమ్మలు. పక్కనే, తల చాస్తే అందేంత దూరంలో మట్టి మూకుడులో నీళ్లు, జొన్నలు. రోజూ మధ్యాహ్నానికి ముందు ఒకసారి మీరే ఎత్తి బూడిద గుంటలో వదలండి. గూటి రేకు మీద జమ్ము గానీ తాటాకు గానీ పరిస్తే లోపల ఎంత తేడా వస్తుందో చేయి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. గోమార్లకు మాత్రం గూడు ఖాళీ చేసి, పశువుల డాక్టరు రాసిచ్చిన మందును సందులన్నిటిలో కొట్టి, పది పదిహేను రోజులకు మళ్లీ కొట్టాలి. పగుళ్లను సిమెంటుతో పూడ్చండి. పొలానికి కొట్టే పురుగుమందును అందాజాగా కలిపి కొట్టకండి, పెట్టలే పోతాయి.

చివరి రెండూ పెట్టపిల్లలు, కొత్తగా గుడ్డుకొచ్చినవి. ఒకటి రోజంతా బాతులా నిటారుగా నిలబడి, తోక ఆడిస్తూ, ముక్కుతూ సాయంత్రానికి చచ్చింది. రెండోదానికి వెనక నుంచి ఎర్రగా మాంసం బయటికొస్తే మిగతావి పొడిచి చంపాయి. మొదటిదానికి గుడ్డు ఇరుక్కుంది, రెండోదానికి గుడ్డు సంచి జారింది. తొలి గుడ్ల నెల పెట్టకు గండమే. మీరు పెట్టేది అన్నం, నూకలు, తవుడు. తవుడులో సున్నం, అంటే కాల్షియం, చాలా తక్కువ. ఒక్కో గుడ్డు పెంకుకు దాదాపు రెండు గ్రాముల సున్నం పోతుంది. అది మేతలో లేకపోతే ఎముకల్లోంచి లాగుతుంది. సున్నం తగ్గితే గుడ్డును బయటికి నెట్టే కండరం కూడా బలహీనపడుతుంది. నత్తగుల్లలు దంచి, లేదా వాడిన గుడ్డు పెంకులు వేయించి పొడిచేసి, విడిగా ఒక మూకుడులో పెట్టండి, మేతలో కలపకండి. కావలసిన పెట్టే వచ్చి తింటుంది. పురుగు మేతకు కుండలో పేడ, తడిపిన గోనె ముక్కలు కుక్కి చెదలున్న చోట రాత్రి బోర్లించండి. పొద్దున్నకు చెదపురుగులు పడతాయి, పెట్టలు ఎగబడతాయి. సాయంత్రం పెట్టకు గుప్పెడు జొన్నలో సజ్జలో చాలు. ఇరుక్కున్న గుడ్డును ఎప్పుడూ లోపల పగలగొట్టకండి. గోరువెచ్చని నీళ్లలో వెనక భాగం పావుగంట ఉంచి, కొంచెం నూనె రాసి, చీకటి గంపలో వదిలితే చాలాసార్లు దానంతటదే వస్తుంది. గుడ్డు సంచి జారినదాన్ని వెంటనే వేరు చేయాలి, కోళ్లకు ఎర్రగా కనబడితే చాలు పొడుస్తాయి.

మీరు అడగలేదు గానీ, ఇంటి చుట్టూ మిరప, కంది వేస్తున్నారు కాబట్టి చెప్తున్నా. మందు పట్టించిన విత్తనాలు విత్తే వారం పెట్టలను కట్టడి చేయండి. ఎలుకల మందు పెట్టిన గట్ల వైపు పోనివ్వకండి. మేత తిత్తి నిండుగా ఉండి గంటలో మూడు నాలుగు పడిపోతే అది తెగులు కంటే విషమే అయ్యే అవకాశం ఎక్కువ. పచ్చడి జాడీలు కడిగిన ఉప్పు నీళ్లు, ఊరగాయ ముక్కలు కూడా కోడికి విషమే. ఏలిక పాములకు మూడు నెలలకోసారి మందు పట్టించండి. పెరటి పెంపకం కోసం తయారుచేసిన గ్రామప్రియ పెట్టలు కలుపుకోవాలా అని అడిగారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన మంచి పెట్ట అది, ఏడాదిన్నర వయసులోపు 200కు పైగా గుడ్లు పెడుతుంది. కానీ అన్ని గుడ్లకు తగ్గ మేత మీరు పెట్టాలి, మీ పెరడు ఒక్కటే దానికి చాలదు. పైగా నాటు పెట్టకున్నంత జాగ్రత్త, గద్ద నీడ పడగానే పొదలో దూరే తెలివి దానిలో నాకు కనబడలేదు. ఈ ఏడాది వద్దు. ఉన్న 23లో రెండేళ్లు దాటి బతికినవి ఎన్నున్నాయో చూడండి. అన్ని గండాలూ దాటి వచ్చినవి అవే, పొదుగుకు వాటి గుడ్లే పెట్టండి.

ఒక నోటుబుక్కు కొనండి. ప్రతి పెట్టకు కాలికి రంగు దారం కట్టండి. ఏదైనా పోతే నాలుగు మాటలు రాయండి: తేదీ, ఏ దారం, ఎక్కడ దొరికింది, అప్పుడు అది గుడ్ల మీదుందా, పొదుగులో ఉందా, పిల్లలతో ఉందా, ఖాళీగా ఉందా. చివరిది మాత్రం మర్చిపోవద్దు. ఇకమీదట జబ్బుతో పోయిన పెద్ద పెట్ట ఏదైనా ఉంటే, పైన చెప్పిన బర్డ్ ఫ్లూ లక్షణాలు లేకపోతే, కవర్లో చుట్టి ఐసులో పెట్టి అదే రోజు జిల్లా జంతు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపండి. ఫ్రీజర్లో గడ్డకట్టించకండి. ఒంట్లో కండ ఉండగానే హఠాత్తుగా చచ్చే పెట్టల్లో కోళ్ల కలరా ఉండవచ్చు. అది పిల్లల కంటే పెద్ద పెట్టలనే ఎక్కువ పడుతుంది, దానికి మందు ఉంది. కొక్కెర అనుకుని వదిలేస్తే మందున్న జబ్బుకు కూడా పెట్టలను పోగొట్టుకుంటాం.

ఈ రాత్రి తొమ్మిది దాటాక టార్చి తీసుకుని గూట్లోకి వెళ్లండి. పెట్టల కాళ్ల మీద, రెక్కల కింద, అవి కూర్చున్న వెదురు అడుగున, గోడ సందుల్లో వెలుగు వేసి చూడండి. నల్లుల్లాంటివి కనబడితే నాలుగైదు పట్టి మూతున్న సీసాలో వేసి, పొద్దున్నే మీ ఊరి పశువుల డాక్టరుకు చూపించండి. ఏం దొరికిందో నాకూ రాయండి.